దివంగత సహచరుని స్మృతిలో అవుట్‌రిగ్గర్ కెనూ పోటీ: నిర్వహించడం ఎలా?

హవాయిలోను, కాలిఫోర్నియా తీరంలోను కెనూ క్లబ్బుల్లో చేరి వారాంతాల్లో తెడ్డు వేస్తున్న తెలుగువారు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది: "మా క్లబ్బులో ఎంతో కాలం తెడ్డు వేసిన పెద్దాయన పోయారు. ఆయన పేరిట ఒక పోటీ పెడదామని అందరూ అనుకుని ఆ పని మాకు అప్పగించారు. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు రాసే బదులు, మొత్తం క్రమాన్ని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. హవాయిలోని ఓఆహు దీవిలో, పక్కన తేలే దుంగ కట్టిన, ఆరుగురు కూర్చునే పడవలతో (అవుట్‌రిగ్గర్ కెనూలంటే ఇవే), ఒక ఉదయంలో ముగిసే చిన్న పోటీని దృష్టిలో పెట్టుకుని రాశాను. మీరు వేరే తీరంలో ఉంటే స్థానిక అనుమతులిచ్చే కార్యాలయాలు మారతాయి. మిగిలినదంతా దాదాపుగా ఇదే.

నా అభిప్రాయం ముందే చెబుతాను. స్మారక పోటీ మళ్లీ ఏడాది కూడా పెట్టగలిగినంత చిన్నదిగా ఉండాలి. మొదటి ఏడాది దుఃఖంలో, ఉత్సాహంలో భారీగా జరిపి, రెండో ఏడాదికి చేతులెత్తేసిన పోటీ వల్ల ఆ కుటుంబానికి కలిగేది ఊరట కాదు. వైకీకీలో ప్రతి జూలై 4న జరిగే వాల్టర్ మాక్‌ఫర్లేన్ స్మారక రెగట్టా (పడవ పందేలు) 1940ల నుంచి నడుస్తోంది; ఆ వ్యక్తిని కళ్లతో చూడనివారు కూడా ఈనాడు అందులో తెడ్డు వేస్తున్నారు. తేదీ స్థిరంగా ఉండడం, పోటీ పోటీగా బాగుండడం అందుకు చాలావరకు కారణమని నేననుకుంటాను.

కావలసినవి

- బరిలో దిగే పడవలు నాలుగు నుంచి ఎనిమిది. అవన్నీ ఒకే క్లబ్బువి కానక్కరలేదు.
- వీహెచ్‌ఎఫ్ రేడియో (సముద్రం మీద పడవలు మాట్లాడుకునే రేడియో) ఉన్న రక్షణ మోటారు పడవలు కనీసం రెండు, వాటిని నడపడం బాగా తెలిసినవారు ఇద్దరు.
- మలుపులకు, ముగింపు గీతకు గాలి నింపిన బోయాలు (నీటి మీద తేలే గుర్తులు), వాటికి లంగర్లు.
- ప్రతి పడవకు నీళ్లు తోడే డబ్బాలు రెండు. గ్యాలన్ పాల డబ్బాను పిడి ఉంచి ఏటవాలుగా కోస్తే సరిపోతుంది.
- ప్రతి పడవలో ఒక అదనపు తెడ్డు, ఆరు లైఫ్ జాకెట్లు.
- గడియారాలు, గట్టి అట్టలు, పెన్సిళ్లు. తడిసిన కాగితం మీద పెన్ను రాయదు.
- ప్రథమ చికిత్స పెట్టె, తాగునీరు, నీడకు గుడారం.
- వీటన్నిటికన్నా ముందు, పోటీని ఆపే అధికారం ఉన్న ఒకే ఒక్క వ్యక్తి. ఆ వ్యక్తి స్వయంగా పోటీలో తెడ్డు వేయకూడదు.

1. ముందు కుటుంబంతో మాట్లాడండి

పోటీ పేరు, ఫొటో, టీషర్టు మీద రాసే వాక్యం, విరాళాలు చేరవలసిన చోటు అనే నాలుగు విషయాలను కుటుంబాన్ని అడిగి, వారు చెప్పినది కాగితం మీద రాసుకుని, వారికి చదివి వినిపించండి. క్లబ్బులో ఆయనను "అంకుల్" అని పిలిచినవారు యాభై మంది ఉండవచ్చు (హవాయిలో పెద్దవారిని మనలాగే అంకుల్, ఆంటీ అంటారు). అయినా నిర్ణయం మాత్రం ఇంటివారిదే. హవాయి భాషలో పేరు పెట్టాలని మీకు అనిపిస్తే, ఆ పేరు తగినదో కాదో ఆ సంప్రదాయం తెలిసిన పెద్దలే చెప్పాలి. నిఘంటువు చూసి మీరే కూర్చకండి.

2. తేదీ నిర్ణయించండి

హవాయిలో చిన్న దూరాల రెగట్టాలు వేసవిలో జరుగుతాయి, ఆగస్టు తర్వాత దూరపు పోటీలు మొదలై, మొలొకై దీవి నుంచి ఓఆహుకు సుమారు 41 మైళ్లు సాగే మొలొకై హోయె పోటీతో అక్టోబరులో పతాకస్థాయికి చేరతాయి. ఈ నెలల్లో పడవలు గాని, చుక్కాని పట్టేవారు గాని ఖాళీగా దొరకరు. కనుక వసంతంలోనో, దూరపు పోటీలు ముగిశాకనో ఒక వారాంతం చూసుకోవడం మేలు. ఉత్తర తీరంలో శీతాకాలపు అలల జోలికి పోవద్దు. శీతాకాలం నుంచి వసంతం దాకా హంప్‌బ్యాక్ తిమింగలాలు హవాయి నీళ్లలో ఉంటాయి; వాటికి 100 గజాల లోపుకు వెళ్లరాదన్న నిబంధన పడవ పోటీకీ వర్తిస్తుంది.

వర్ధంతి రోజే జరపాలని పట్టుబట్టకండి. ఆ తేదీకి దగ్గరలో ఉన్న శనివారం ఎంచుకుని, మరుసటి వారాన్ని ప్రత్యామ్నాయంగా మొదటే ప్రకటించండి.

3. అనుమతులు

ఎక్కువమంది ఆలస్యం చేసేది ఇక్కడే. నీటి మీద జరిగే పోటీలకు అమెరికా కోస్ట్ గార్డ్‌కు దరఖాస్తు చేయవలసి వస్తే, మొదటిసారి జరిపేవారు కనీసం 135 రోజుల ముందు చేయాలి. అంటే నాలుగున్నర నెలలు. మీ పోటీకి ఆ అనుమతి అవసరమా కాదా అన్నది మీరు ఊహించుకోకుండా వారినే అడగండి. దీనితో పాటు హవాయి రాష్ట్ర బోటింగ్ విభాగం అనుమతి, బీచ్ పార్కులో గుడారాలు వేయాలంటే హొనలూలు నగర పార్కుల శాఖ అనుమతి వేర్వేరుగా తీసుకోవాలి. ఒకటి వచ్చిందంటే మిగతావీ వచ్చినట్టే అనుకోవద్దు.

క్లబ్బు బీమా ఈ పోటీకి, ముఖ్యంగా బయటి క్లబ్బుల నుంచి వచ్చేవారికి వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగానే జవాబు తీసుకోండి. వర్తించకపోతే ఒక్కరోజు బీమా తీసుకోవాలి, లేదా వారిని తాత్కాలిక సభ్యులుగా చేర్చుకునే వీలుందేమో చూడాలి.

4. మార్గం గీయండి

మీ జట్లలో అందరికన్నా బలహీనమైన జట్టును తలచుకుని మార్గం గీయండి. కొత్తవారున్న ఆరుగురి పడవ గంటకు సుమారు 8 కిలోమీటర్లు పోతుందనుకుంటే, 8 కిలోమీటర్ల మార్గం వారికి గంట పని. అంతకు మించి వద్దు.

గాలి సంగతి శ్రద్ధగా వినండి. హవాయిలో సాధారణంగా వీచేది ఈశాన్యపు గాలి. ఓఆహు దక్షిణ, పడమటి తీరాల్లో అది నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది కనుక, ఒడ్డున నిలబడి చూసేవారికి నీరు అద్దంలా కనిపిస్తుంది. అర మైలు లోపలికి వెళ్లేసరికి అదే గాలి బలంగా తగులుతుంది. అక్కడ బోల్తాపడిన పడవ ఒడ్డుకు కొట్టుకురాదు, బయటి సముద్రంలోకి పోతుంది. అందుచేత మార్గాన్ని తీరానికి సమాంతరంగా గీయండి, రక్షణ పడవలను ఎప్పుడూ సముద్రం వైపునే నిలపండి. ఎదురుగాలి భాగం ముందు, అనుకూలమైన గాలి భాగం తర్వాత వచ్చేలా చూడండి. అలసిన జట్టు చివర్లో గాలికి ఎదురీదకూడదు. పొద్దెక్కేకొద్దీ గాలి పెరుగుతుంది కనుక ఉదయం ఏడున్నరకు మొదలుపెట్టి, పదికల్లా పడవలన్నీ ఒడ్డు చేరేలా వేళలు నిర్ణయించుకోండి.

పడవకు తోడుగా ఉండే తేలే దుంగను అమా అంటారు. అది ఎడమవైపు ఉంటుంది. హవాయి రెగట్టాల్లో లాగే మీ మలుపులను కూడా ఎడమకే పెట్టండి, చుక్కాని పట్టేవారందరికీ అలవాటైనది అదే. పడవలన్నీ ఒకేసారి మొదటి బోయా దగ్గరకు చేరితే ఢీకొంటాయి కాబట్టి, మూడేసి పడవలను ఐదు నిమిషాల తేడాతో వదలండి.

5. జట్లు కూర్చండి

స్మారక పోటీకి వచ్చేవారిలో రోజూ తెడ్డు వేసేవారు, పదేళ్ల క్రితం మానేసినవారు, మొదటిసారి పడవ ఎక్కే బంధువులు కలిసి ఉంటారు. వారిని వారి ఇష్టానికి వదిలితే బలమైనవారంతా ఒకే పడవలో చేరతారు. దానికన్నా చీటీలు తీయడం మేలు. లయ నిర్దేశించే మొదటి స్థానానికి, చుక్కాని పట్టే ఆరో స్థానానికి అనుభవజ్ఞులను ముందే కేటాయించి, మధ్య నాలుగు స్థానాలకు చీటీలు తీయండి. ఈతరాని వారిని కుటుంబ సభ్యులైనా సరే పోటీ పడవలో కూర్చోబెట్టకండి. వారికి రక్షణ పడవలోనో, ముగింపు గీత దగ్గరో గౌరవమైన స్థానం ఇవ్వండి.

గెలుపు ఓటముల వేడి తగ్గించాలనుకుంటే ఇంకో పద్ధతి ఉంది. ప్రతి జట్టూ తాను ఎంతసేపట్లో ముగిస్తుందో ముందే చీటీ మీద రాసి ఇస్తుంది. గడియారాలు, ఫోన్లు ఒడ్డునే వదిలి వెళ్తారు. చెప్పిన సమయానికి అందరికన్నా దగ్గరగా వచ్చినవారే విజేతలు. 58 నిమిషాలని రాసి 57 నిమిషాల 20 సెకన్లకు వచ్చిన జట్టుకు 40 సెకన్ల తేడా. అది త్వరగా వచ్చినా, ఆలస్యంగా వచ్చినా తేడా తేడాయే. నాకు ఇష్టమైన పద్ధతి ఇదే. అందరికన్నా నెమ్మదైన పడవ గెలిచినప్పుడు ఒడ్డున వినిపించే కేకలు వేరు.

6. పడవలను ముందు రోజు సాయంత్రమే కట్టి చూడండి

ఈ మెట్టు దగ్గర తొందర పనికిరాదు. ఇయాకోలనే రెండు అడ్డకర్రలు అమాను పడవకు కలిపి ఉంచుతాయి. వాటిని మేకులతో కొట్టరు, తాడుతోనో రబ్బరు పట్టీలతోనో కడతారు. ఆ కట్లు సముద్రం మధ్యలో వదులైతే పడవ నిలవదు.

అ) కట్టడం పూర్తయ్యాక ఒకరు పడవను కదలకుండా పట్టుకోగా, మరొకరు అమా కొసను రెండు చేతులతో పట్టి పైకి కిందికి, ముందుకు వెనక్కి గట్టిగా ఊపాలి. పడవ మొత్తం ఒకే వస్తువులా కదలాలి. కట్టు దగ్గర కిర్రుమన్నా, వేలెడు సందు కనిపించినా పూర్తిగా విప్పి మళ్లీ కట్టండి. పైన ఇంకో చుట్టు చుట్టి సరిపెట్టకండి.

ఆ) అమాను ఒక కొస ఎత్తి వంచి, చెవి పెట్టి వినండి. లోపల నీళ్లు గలగలమంటే బిరడా తీసి పూర్తిగా వంపి, ఆరనిచ్చి, తిరిగి బిగించండి. సగం నిండిన అమా ఒడ్డున బాగానే కనిపిస్తుంది, మొదటి పెద్ద అలకు మునుగుతుంది.

ఇ) ముందు, వెనుక గాలి గదుల బిరడాలు ఉన్నాయో లేదో కళ్లతో చూడడమే కాదు, వేలితో తడిమి చూడండి.

ఈ) పోటీ రోజు ఉదయం మళ్లీ అన్నీ ఊపి చూడండి. కట్టినవారు కాక వేరొకరు చూడాలి.

పోటీ పడవ కనీస బరువు 400 పౌన్లు, అంటే సుమారు 181 కిలోలు. చక్రాల బండి లేకపోతే ఎనిమిది మందికి తక్కువ కాకుండా ఎత్తండి, ఇసుకలో ఈడ్వకండి. పడవ మీదుగా దాటి నడవడం అక్కడ అమర్యాద. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే మనకు ఆ పట్టింపు సులభంగానే అర్థమవుతుంది.

7. నివాళిని పోటీకి ముందే ముగించండి

పోటీ తర్వాత నివాళి పెడితే సగం మంది అలసి ఉంటారు, గాలి పెరిగి ఉంటుంది, పడవలు విప్పే తొందర ఉంటుంది. ఉదయమే అందరూ వలయంగా నిలబడగా, కుటుంబం కోరిన పెద్దలు ప్రార్థన చెప్పాలి. ప్రసంగాలు రెండింటికి మించనివ్వకండి. పడవల ముక్కులకు ఆకుల దండలు వేయడం అక్కడి ఆచారం. దండ చివర్లు కూర్చున్నవారి చేతులకు, తెడ్లకు అడ్డం పడకుండా కట్టండి.

ఆయన తెడ్డును ఖాళీ స్థానంలో ఉంచి ఒక పడవను నడపాలని కొందరు కోరతారు. ఊరేగింపులో అలా చేయవచ్చు, పోటీలో వద్దు. మొదటి స్థానాన్ని, ఆరో స్థానాన్ని ఖాళీగా ఉంచకూడదు. మూడోదో నాలుగోదో మంచిది. తెడ్డును ఒక్క లాగుకు ఊడివచ్చే ముడితో ఇయాకోకు కట్టండి. కట్టకపోతే అది నీళ్లపాలవుతుంది, బిగించి కడితే పడవ తిరగబడినప్పుడు ఎవరికైనా గుచ్చుకుంటుంది.

నీళ్లలో పూలు వేసేటప్పుడు దండ దారం తెంపి, పూలను మాత్రమే వదలండి. దారం, రిబ్బను, తళుకు కాగితం, ప్లాస్టిక్ పూలు సముద్రంలో వేయరాదు. తాబేళ్లు వాటిలో చిక్కుకుంటాయి. దివంగతులు తెలుగువారై, అస్థి నిమజ్జనం కూడా అప్పుడే చేయాలని ఇంటివారు కోరితే, ఆ కార్యాన్ని పోటీతో కలపవద్దని నచ్చజెప్పండి. అమెరికా పర్యావరణ సంస్థ నియమం ప్రకారం చితాభస్మాన్ని తీరానికి కనీసం 3 నాటికల్ మైళ్ల దూరంలో కలపాలి, తర్వాత 30 రోజుల లోపు ఆ సంస్థకు తెలియజేయాలి. అంత దూరం మోటారు పడవలో వేరే రోజు వెళ్లడం అందరికీ క్షేమం. పసుపు, కుంకుమ తీసుకువెళ్లిన ప్లాస్టిక్ సంచులను వెనక్కి తెచ్చుకోవాలని కూడా గుర్తుచేయండి.

8. బయలుదేరే ముందు భద్రతా సమావేశం

పావుగంటకు మించకుండా, అందరూ హాజరైనట్టు సంతకాలు తీసుకుని, మార్గం, మలుపులు, పోటీ ఆగినట్టు తెలిపే సంకేతం, రక్షణ పడవలు ఉండే చోట్లు చెప్పండి. రక్షణ పడవలు తమలో తాము ఒక చానెల్‌లో మాట్లాడుకోవచ్చు గాని, అత్యవసర పిలుపులకు వాడే 16వ చానెల్‌ను వినేలా ఒక రేడియో ఉంచండి.

పడవ తిరగబడడాన్ని హవాయిలో హులి అంటారు. అమా గాలిలోకి లేచి, పడవ కుడివైపుకు పడిపోవడమే ఎక్కువగా జరుగుతుంది. కనుక కుడివైపుకు ఎవరూ వాలకూడదని, అమా లేస్తున్నట్టు అనిపించగానే ఎడమవైపు ఇయాకో మీదికి బరువు వేయాలని కొత్తవారికి ఒడ్డునే, పడవలో కూర్చోబెట్టి చేయించండి. మాటలతో చెబితే చాలదు. హులి అయితే మొదటి పని తలలు లెక్కించడం: ఒకటి నుంచి ఆరు వరకు ఎవరి స్థానం సంఖ్య వారు గట్టిగా అరవాలి. ఒక సంఖ్య వినిపించకపోతే పడవ కింద వెతకాలి. ఆ తర్వాతే తెడ్లు, ఆ తర్వాతే పడవను తిప్పడం. ఈత ఎంత బాగా వచ్చినా పడవను వదిలి ఒడ్డుకు ఈదకూడదు.

9. ఆపాలా, సాగించాలా?

ఉదయం ఐదున్నరకు జాతీయ వాతావరణ సంస్థ సముద్ర సూచన చూడండి. చిన్న పడవలకు హెచ్చరిక ఉంటే పోటీ లేదు, చర్చ లేదు. హెచ్చరిక లేకపోయినా రక్షణ పడవను మార్గమంతా ఒకసారి తిప్పి, నడిపినవారి మాట వినండి. "ఇంత దూరం నుంచి వచ్చాం, ఆయన ఉంటే వెళ్లేవారే" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఎడ్డీ ఐకావ్ పేరు హవాయిలో తెలియనివారుండరు. 1978లో హోకూలేఅ పడవ తిరగబడినప్పుడు సహాయం తేవడానికి సర్ఫ్‌బోర్డు మీద బయలుదేరి, తిరిగి రాని మనిషి. ఆయన స్మృతిలో వైమెయా అఖాతంలో పెట్టిన సర్ఫింగ్ పోటీ, తగిన అలలు రాని కారణంగా చాలా ఏళ్లు జరగనే జరగదు. దానివల్ల ఆయన గౌరవం తగ్గిందని ఎవరూ అనలేదు.

రద్దు చేసినా నివాళిని, భోజనాన్ని ఒడ్డున యథావిధిగా జరపండి. ప్రత్యామ్నాయంగా, తీరానికి దగ్గరగా పావు మైలు పందేలు పెట్టవచ్చు. అదీ ఆపే అధికారి ఒప్పుకుంటేనే.

10. ఫలితాలు తీసుకోవడం, సరిచూడడం

ముగింపు గీత దగ్గర రెండు జంటలను విడివిడిగా కూర్చోబెట్టండి. మొదటి జంట పడవల అంకెలను వచ్చిన వరుసలో రాస్తుంది, సమయం జోలికి పోదు. రెండో జంట గడియారం చూసి సమయాలను మాత్రమే రాస్తుంది. పడవ ముక్కు గీత దాటిన క్షణమే లెక్క. తర్వాత రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరే రెండూ రాస్తే, మూడు పడవలు కలిసి వచ్చినప్పుడు తప్పకుండా తప్పుతారు.

సరిచూడవలసినవి ఇవి. బయలుదేరిన పడవల సంఖ్య, చేరిన పడవల సంఖ్య సమానంగా ఉండాలి. మానుకున్న పడవ ఉంటే అది ఎక్కడుందో రేడియోలో నిర్ధారించాలి. పడవలను మూడేసి చొప్పున విడతలుగా వదిలారు కనుక ప్రతి సమయం నుంచి ఆ జట్టు ఆలస్యంగా బయలుదేరిన ఐదు, పది నిమిషాలు తీసివేయాలి. అందరూ మరిచేది ఇదే. 8 కిలోమీటర్ల మార్గాన్ని ఎవరైనా 25 నిమిషాల్లో ముగించినట్టు కనిపిస్తే వారు మలుపు వదిలేశారన్నా అనుకోవాలి, మీరు తప్పు రాశారన్నా అనుకోవాలి. ఫలితాలను ముందు అతికించి, అభ్యంతరాలకు అరగంట ఇచ్చి, ఆ తర్వాతే బహుమతులు ఇవ్వండి.

తరచుగా జరిగే పొరపాట్లు

టీషర్టులు ఎక్కువ అచ్చువేయించడం అన్నిటికన్నా సాధారణమైనది. పేర్లు నమోదైన సంఖ్యకు పది శాతం కలిపి ఆపండి. రక్షణ పడవల నిర్వాహకులకు తిండి, నీరు మరిచిపోవడం రెండోది. వారు అందరికన్నా ముందు వెళ్లి, అందరికన్నా ఆలస్యంగా వస్తారు. ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకం హవాయిలో 2021 నుంచి నిషిద్ధం. బయటి రాష్ట్రాల నుంచి వచ్చే అతిథులకు ఈ మాట ఆహ్వానంలోనే చెప్పండి. ఇక కుటుంబ సభ్యులను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వేదిక మీద కూర్చోబెట్టడం పొరపాటు మాత్రమే కాదు, హింస. వారికి నీడలో ఒక మూల, వారిని పలకరించే జనాన్ని మెల్లగా మళ్లించే ఒక స్నేహితుడు ఉంటే చాలు.

11. పోటీ తర్వాత

వారం లోపు ఆదాయవ్యయాల లెక్క ఒక పేజీలో రాసి, రసీదులతో కుటుంబానికి, క్లబ్బుకు ఇవ్వండి. అరువు తెచ్చిన ప్రతి పడవను కడిగి, అమా బిరడాలు చూసి, తెచ్చినప్పటికన్నా శుభ్రంగా తిరిగి ఇవ్వండి. వచ్చే ఏడాది మళ్లీ అడగవలసింది వారినే. ఏ గంటలో గాలి పెరిగింది, ఏ బోయా లంగరు జారింది, ఎవరు ఎక్కడ తికమకపడ్డారు అన్నవి మరిచిపోకముందే రాసి పెట్టండి. ఆ కాగితంతో పాటు అనుమతుల ప్రతులను భద్రపరచండి. అదే నిర్వాహకులు అదే చోట అదే తీరున మరుసటి ఏడాది జరిపితే, అభ్యంతరాలు రాకపోవడం వంటి కొన్ని షరతులకు లోబడి కోస్ట్ గార్డ్ దరఖాస్తుకు 135 రోజులకు బదులు 60 రోజుల గడువు సరిపోతుంది.